ఉప్పునీటి వేటలో కృత్రిమ ఎరలు

తినడానికి పనికిరాకపోయినా చేపకు తిండిలా తోచే వస్తువును గాలానికి కట్టి వేటాడితే అది కృత్రిమ ఎర. వాడుకలో దీన్ని ల్యూర్ అంటారు. కొయ్య, సీసం, ఉక్కు, ప్లాస్టిక్, ఈకలు, గుడ్డ, ముత్యపుచిప్ప, వీటిలో దేనితోనైనా దీన్ని చేయవచ్చు. గాలానికి గుచ్చిన రొయ్యకు, కవళ్ళ ముక్కకు వాసన, రుచి ఉంటాయి. వాటిని నీటిలో వదిలేసి కూర్చున్నా చేప వెతుక్కుంటూ వస్తుంది. ల్యూర్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. కదిలించినంతసేపే అది ఎర, ఆపితే రంగేసిన కొయ్యముక్క. అందుకే ల్యూర్‌ను ఎంచుకోవడమంటే ఒక కదలికను ఎంచుకోవడం. అది ఏ లోతులో, ఎంత వేగంతో, ఎంత పరిమాణంలో కదలాలన్నవి ముందు తేల్చుకోవలసిన సంగతులు. అంగడిలో కొనేవారి చూపు మొదట రంగు మీద పడుతుంది. సముద్రంలో రంగు వంతు చాలా సందర్భాల్లో చివర వస్తుంది.

పుట్టుక

సముద్రపు ల్యూర్ల చరిత్రలో పసిఫిక్ ద్వీపవాసులది పెద్ద వాటా. తాహితీ, సమోవా, తువాలు వంటి దీవుల్లో స్కిప్‌జాక్ ట్యూనా కోసం ముత్యపుచిప్పను చిన్న చేప ఆకారంలో అరగదీసి, దానికి ఎముకతోనో తాబేటి డిప్పతోనో చేసిన కొక్కేన్ని కట్టి, వెనక ఈకల కుచ్చు తగిలించేవారు. ఎర ఏదీ గుచ్చేవారు కాదు. వెదురు గెడకు కట్టి పడవ వెనక నీటిపై లాగితే చిప్ప మెరుపే చేపను పిలిచేది. వెలుగు మారినప్పుడు చిప్ప మార్చడానికి వేర్వేరు ఛాయల చిప్పలను పడవలో ఉంచుకునేవారు. న్యూజిలాండ్‌లో మావోరీలు కహవాయ్ అనే చేప కోసం పావువా చిప్ప నీలిపచ్చ తళుకును ఇలాగే వాడుకున్నారు.

జపాన్‌లో స్క్విడ్ వేటకు ‘ఎగి’ అనే కొయ్య రొయ్య పుట్టింది. దాని పుట్టినిల్లు దక్షిణాన ఉన్న కగోషిమా, అమామి దీవుల ప్రాంతమని చెబుతారు. రాత్రివేళ పడవలోంచి జారిపడ్డ కాలిన కాగడా కర్రను స్క్విడ్ పట్టుకోవడం చూసి బెస్తవారు దాన్ని చెక్కారని ఒక కథ ఉంది. కథ మాట ఎలా ఉన్నా, గుడ్డ చుట్టిన రొయ్య ఆకారం, తోక దగ్గర కిరీటంలా విచ్చుకున్న మొనలు ఉన్న ఆ రూపం నేటికీ పెద్దగా మారలేదు.

ఇప్పుడు సముద్రంలో తిరిగే మిగతా ల్యూర్లలో చాలావాటి మూలాలు మాత్రం మంచినీటి సరస్సుల్లో ఉన్నాయి. అమెరికాలో జూలియో బ్యూల్ చెంచా ఆకారపు లోహపు ఎరకు 1852లో పేటెంటు పొందాడు. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో బెరడును చెక్కి, పైన తళుకు రేకు చుట్టి, కరిగించిన ఫొటో నెగెటివ్‌లతో పూత పూసి ఒక చిన్న చేపను తయారుచేశాడు. గుంపులో కొంచెం ఒరుగుతూ ఈదే దెబ్బతిన్న చేపనే పెద్ద చేప ముందుగా పట్టుకుంటుందని ఆయన గమనించాడు. ఆ ఒరుగుడును కొయ్యలోకి తేవడమే ఆయన చేసిన పని. నేడు వంజరం కోసం పడవ వెనక లాగే ప్లగ్గులు అనే చేప ఆకారపు గట్టి ల్యూర్లన్నింటిలోనూ ఆ ఆలోచన ఉంది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ 1949లో మెత్తటి ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. ఇప్పుడు మడ అడవుల పాయల్లో వాడే రబ్బరు రొయ్యలు, రబ్బరు చేపలు దాని సంతానమే.

నీటి అడుగున ఏం కనిపిస్తుంది

గాలిలో మనం చూసే రంగు నీటిలో నిలవదు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు మొదటి కొన్ని మీటర్లలోనే పీల్చుకుంటుంది. తేటైన నడిసముద్రంలో నీలం అన్నిటికంటే లోతుకు వెళ్తుంది. ఒండ్రు, నాచు కలిసిన తీరజలాల్లో ఆకుపచ్చ ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి ఇరవై ముప్పై మీటర్ల లోతుకు దించిన ఎర్ర జిగ్ (అడుగుకు దించే బరువైన లోహపు ల్యూర్) చేప కంటికి ముదురు బూడిద రంగు వస్తువు. ప్రతిదీప్తి రంగుల సంగతి వేరు. అవి నీలం, అతినీలలోహిత కాంతిని పీల్చి మరో రంగులో వెలువరిస్తాయి కనుక లోతులోనూ నిలుస్తాయి.

పైనుంచి వచ్చే వెలుగుకు అడ్డంగా ఎర కదిలినప్పుడు కింద ఉన్న చేపకు కనిపించేది నీడ. ఉపరితలంలో వాడే ల్యూర్లకు కడుపు వైపు రంగుకన్నా ఆకారం ముఖ్యం కావడానికి కారణం ఇదే. వెన్నెల్లోనో, ఓడరేవు దీపాల కిందో నల్లటి ల్యూర్ బాగా పనిచేయడం కొత్తవారికి వింతగా తోస్తుంది. ఆకాశపు మసక వెలుగు మీద స్పష్టంగా తేలేది నలుపే.

చూపు ఆనని చోట చేప తన పక్కగీతతో తెలుసుకుంటుంది. మొప్పల దగ్గర నుంచి తోక దాకా సాగే ఈ ఇంద్రియం దగ్గరలోని నీటి కదలికను, కంపనాన్ని పసిగడుతుంది. దాని పరిధి తక్కువ, తన శరీరానికి ఒకటి రెండు రెట్ల దూరం. అంతకంటే దూరం నుంచి చేపను రప్పించాలంటే చప్పుడు కావాలి. లోపల ఉక్కు గుండ్లు గలగలమనే ల్యూర్లు, నీటిని ‘బ్లుప్’మని చప్పుడయ్యేలా చిమ్మే పాపర్లు అందుకు పనికొస్తాయి. బురదనీటికి గలగలలాడే ఎర, తేటనీటికి చప్పుడు చేయని ఎర అన్న పాత సూత్రం చాలావరకు నిలబడుతుంది.

లోతును బట్టి రకాలు

ల్యూర్లను తయారైన పదార్థాన్ని బట్టి విభజించడం అంగళ్ల పద్ధతి. వేటగాడికి ఉపయోగపడేది అది నీటిలో ఏ అంతస్తులో పనిచేస్తుందన్న విభజన.

నీటి పైభాగానికి పాపర్లు, స్టిక్‌బైట్‌లు. పాపర్ మూతి గుంటగా ఉంటుంది. రాడ్‌ను గుంజినప్పుడు ఆ గుంట నీటిని చిమ్మి చప్పుడు చేస్తుంది. స్టిక్‌బైట్‌కు గుంట ఉండదు. సన్నని చుట్టలా ఉండి కుడి ఎడమలకు జారుతూ వస్తుంది. అండమాన్, మాల్దీవుల పగడపు దిబ్బల మీద రాక్షసి పార కోసం 100 గ్రాములు దాటిన పాపర్లు విసురుతారు. ఈ చేపలో అంతర్జాతీయంగా నమోదైన రికార్డు 2006లో జపాన్‌లోని కగోషిమా ప్రాంతంలో పట్టిన 72.8 కిలోలది. అంత చేప లాగితే మామూలు ఉంగరాలు, గాలాలు సాగిపోతాయి. అందుకే ఇలాంటి పాపర్లలో మూతి నుంచి తోక దాకా ఒకే తీగ వెళ్తుంది, కొయ్య పగిలినా చేప పోదు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పాపర్, నున్నగా ఉంటే స్టిక్‌బైట్ అన్నది మంచి ఆరంభం.

దాని కిందిది మూతి కింద నాలుక ఉన్న ప్లగ్గుల అంతస్తు. ఆ నాలుక పొడవుగా ఉండి ల్యూర్ వెన్నుకు దాదాపు సమాంతరంగా సాగితే ప్లగ్గు లోతుకు దూకుతుంది. పొట్టిగా, నిలువుగా కిందికి వాలి ఉంటే పైపైనే ఈదుతుంది. అదే ప్లగ్గును సన్నని అల్లిక దారానికి కడితే లోతుకు పోతుంది, లావైన తంగూసుకు కడితే పోదు. దారం మీద నీటి ఒరిపిడి పెరగడమే కారణం. పెట్టె మీద ముద్రించిన లోతును అందుకే నమ్మడానికి లేదు.

ప్లగ్గుల్లో తేలేవి, మునిగేవి, ఉన్నచోటే నిలిచేవి అని మూడు తరగతులున్నాయి. మూడో రకం ఉప్పునీటిలో ఇబ్బంది పెడుతుంది. సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువు. మంచినీటిలో కచ్చితంగా నిలిచేలా చేసిన 20 గ్రాముల ప్లగ్గుకు సముద్రంలో అర గ్రాము అదనపు తేలుడు వస్తుంది, అది మెల్లగా పైకి లేస్తుంది. గోదావరి వరదనీరు మొగ దాటి సముద్రం మీద పరుచుకున్న రోజుల్లో అదే ప్లగ్గు మళ్లీ మరోలా ప్రవర్తిస్తుంది. మూడు కొక్కేల గాలాన్ని తీసి ఒంటి గాలం పెట్టినా తూకం తప్పుతుంది. కాబట్టి ల్యూర్‌ను ఆ రోజు వేటాడే నీటిలోనే పడవ పక్కన ఒకసారి వదిలి చూడటం మంచి అలవాటు.

దూరం విసరడానికి లోహపు ముక్కలను మించినవి లేవు. చిన్న ఆకారంలోనే బరువుండే 20 నుంచి 60 గ్రాముల చెంచాలు, కాస్టింగ్ జిగ్గులు ఎదురుగాలిలోనూ చాలా దూరం పోతాయి. ట్యూనాలు నెత్తళ్ళ గుంపును పైకి తరిమి నీరు ఉడుకుతున్నట్టు చేసేటప్పుడు అక్కడికి పడవను తోలితే గుంపు చెదిరిపోతుంది. దూరం నుంచే విసరాలి. అప్పుడు పరిమాణం విషయంలో చేప చాలా పట్టుదలగా ఉంటుంది. వేలెడంత నెత్తళ్ళు తింటున్న ట్యూనా జానెడు ల్యూర్‌ను పట్టించుకోదు. ఎదుట తిండి చిన్నదైతే ఎర కూడా చిన్నదే కావాలి, అది విసరడానికి ఎంత తేలికైనదైనా సరే. సాంద్రత తోడ్పడేది ఇక్కడే. సీసం సాంద్రత నీటికి 11 రెట్లు పైన, టంగ్‌స్టన్‌ది 19 రెట్లు. అదే బరువును టంగ్‌స్టన్‌తో చేస్తే ల్యూర్ చిన్నదవుతుంది, ధర మాత్రం చాలా పెరుగుతుంది.

అడుగుకు దించే జిగ్గుల్లో బరువు ఎక్కడ ఉందన్నదే మొత్తం వ్యవహారం. తోక వైపు బరువున్న సన్నని జిగ్ నేరుగా, వేగంగా దిగుతుంది. ప్రవాహం బలంగా ఉన్నచోట అది కావాలి. నడుమ బరువుండి వెడల్పుగా ఉన్నది ఆకు రాలినట్టు అటూ ఇటూ ఒరుగుతూ దిగుతుంది. చేప తరచూ దాడి చేసేది ఆ దిగుడులోనే. అందుకే జిగ్గులకు గాలాలను తల దగ్గర దారపు ఉచ్చుతో వేలాడదీస్తారు. లోతు ఎన్ని అడుగులో అన్ని గ్రాముల జిగ్ అన్నది చాలామంది పాటించే లెక్క. 60 మీటర్లకు సుమారు 200 గ్రాములు. ప్రవాహం పెరిగితే ఇంకా బరువు కావాలి. దారం నిలువుగా ఉండక ఏటవాలుగా పోతుంటే జిగ్ తేలికైందని అర్థం. కింద నుంచి పైదాకా వేగంగా గుంజే పద్ధతి పారలకు, ట్యూనాలకు సరిపోతుంది. జపాన్‌లో అభివృద్ధి చెందిన నెమ్మది జిగ్గింగ్‌లో చక్రాన్ని పావు చుట్టో సగం చుట్టో తిప్పి జిగ్‌ను ఒరగనిస్తారు. రాళ్లలో దాగే గ్రూపర్లు, స్నాపర్లు దీనికి ఎక్కువ చిక్కుతాయి.

మెత్తటి ప్లాస్టిక్ ఎరలు ఏ అంతస్తులోనైనా పనిచేస్తాయి, జిగ్ తల బరువు మార్చడమే. తెడ్డులాంటి తోక ఉన్నవి నెమ్మదిగా లాగినా అదురుతాయి. వీటి బలహీనత పళ్లు. బొంక చేపలు, సావళ్ళు ఉన్నచోట ఒక్కో కాటుకు ఒక్కో తోక పోతుంది.

మర్లిన్‌లకు, కొమ్ముకోనాం చేపలకు, పెద్ద ట్యూనాలకు పడవ వెనక లాగేవి కుచ్చు తొడిగిన ల్యూర్లు. గట్టి రెసిన్ తల నీటిని చీల్చి బుడగల బాటను వదులుతుంది. వెనక ప్లాస్టిక్ కుచ్చు అదురుతుంది. సాధారణంగా 7 నుంచి 9 నాట్ల వేగం. వాహూ అనే వంజరం జాతి చేపకు 12 నాట్లు దాటి కూడా లాగుతారు, ఆ వేగంలో ప్లగ్గులు చాలావరకు పల్టీ కొడతాయి. ప్లగ్గులను 4 నుంచి 6 నాట్ల మధ్య లాగడమే క్షేమం. పడవ వేగం ముందు నిర్ణయమైపోతే ల్యూర్ ఎంపిక సగం దానంతట అదే జరిగిపోతుంది.

రంగు

ఎగి తయారీదారులు వందల రంగులు అమ్ముతారు. స్క్విడ్‌లలో అత్యధిక జాతుల కంటిలో ఒకే రకం వర్ణగ్రాహకం ఉంటుంది. అంటే మనకు తెలిసిన అర్థంలో వాటికి రంగులు తెలియవు. ధ్రువిత కాంతిని, వెలుగునీడల తేడాను మాత్రం అవి చాలా బాగా గుర్తిస్తాయి. రంగుల ఎంపిక స్క్విడ్ కోసం ఎంత, మనిషి కోసం ఎంత అన్న అనుమానం ఇక్కడ తప్పదు. మర్లిన్ వంటి చేపలకు రంగులను గుర్తించే కణాలు ఉన్నాయి కాబట్టి ఈ మాటను అన్ని చేపలకూ అంటగట్టలేం.

చేతిలో మూడు ల్యూర్లుంటే చాలు: కవళ్ళ పోలికతో వెండి మెరుపుది ఒకటి, ముదురుది ఒకటి, పసుపుపచ్చ ప్రతిదీప్తిది ఒకటి. తేటనీటికి, ఎండకు మొదటిది. మసకవేళకు, రాత్రికి రెండోది. ఒండ్రు నీటికి మూడోది. నాలుగో రంగు కొనేముందు అదే నమూనాను మరో బరువులో కొనడం తెలివైన ఖర్చు.

ఆంధ్ర తీరం

బంగాళాఖాతపు పడమటి తీరంలో నీటి తీరు ఏడాదిలో పూర్తిగా మారుతుంది. వర్షాకాలంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుతో మొగల చుట్టూ నీరు ఎర్రబారుతుంది. శీతాకాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా విశాఖ, భీమిలి రాతి తీరాల దగ్గర, నీరు తేటపడుతుంది. ఒకే పెట్టెలోని ల్యూర్లు రెండు కాలాలకూ సరిపోవు.

కోరింగ మడ అడవుల పాయల్లో, మొగల్లో ప్రధాన ఆకర్షణ పండుగప్ప. ఇది వెంటాడి అలసిపోయే చేప కాదు. వేర్ల నీడలోనో, వంతెన స్తంభం వెనకో నిలబడి, ప్రవాహం తెచ్చే రొయ్యనో కొయ్యింగ పిల్లనో నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. అలా పీల్చడానికి ఎర దాని ముందు క్షణకాలమైనా ఆగాలి. వేగంగా లాగే చెంచాకన్నా నిలిచే ప్లగ్గుకు, రబ్బరు రొయ్యకు అది ఎక్కువ స్పందించడానికి కారణం ఇదే. రెండు చుట్లు లాగి, ఆపి, మళ్లీ లాగడం. వేర్లలో చిక్కకుండా గాలం మొనను ప్లాస్టిక్ ఒంటిలో దాచి కట్టాలి. ఆటు మొదలై, మడల లోపలి నీరు చిన్న కాలువల గుండా పాయలోకి దిగే వేళ ఆ కాలువ నోటి దగ్గర ల్యూర్ వేయాలి. చిన్న చేపలు, రొయ్యలు ఆ దారినే బయటికి వస్తాయి.

వంజరం సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బహిరంగ నీటిలో తరిమి కొడుతుంది, తరచూ వెనక నుంచి ఎరను రెండుగా కోస్తుంది. దీనికి వేగం, మెరుపు, తోక దగ్గర గాలం కావాలి. లోతుకు దిగే ప్లగ్గులు, వెండి చెంచాలు పనిచేస్తాయి. విశాఖ పరిసరాల్లో వాడే ల్యూర్ కానగంత పరిమాణానికి దగ్గరగా ఉంటే చాలు, ఎందుకంటే వంజరం కడుపు నింపేవాటిలో అదొకటి. ఈ తీరపు చేపలను, వాటి తెలుగు పేర్లతో సహా, పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించి 1803లో రెండు సంపుటాలుగా లండన్‌లో అచ్చు వేయించాడు. కానగంత శాస్త్రీయ నామంలోని ‘కనగుర్త’ అక్కడి నుంచి వెళ్లినదే.

ఇక్కడి బెస్తవారికి కృత్రిమ ఎర పరాయి వస్తువు కాదు. పడవ వెనక లాగే దారాలకు, వరస గాలాలకు తళుకు రేకులు, రంగు దారపు పోగులు కట్టడం తీరాల్లో ఉన్న పద్ధతే. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో మరో మెట్టు ముందుకు వెళ్లారు. బతికిన చిన్న చేపలను నీటిలో జల్లి, నీళ్లు చిమ్మి, స్కిప్‌జాక్ ట్యూనాలు వెర్రెత్తినట్టు తినేటప్పుడు ఎర లేని మెరిసే గాలాన్ని గెడతో వేస్తారు. ఆ గాలానికి ముల్లు ఉండదు. చేప గాలిలోకి లేచి పడవలో పడగానే గాలం దానంతట అదే ఊడి, మరుక్షణం మళ్లీ నీటిలో ఉంటుంది.

గాలం, తీగ, తుప్పు

మంచి ల్యూర్‌కు నాసిరకం గాలం తగిలించి అమ్మడం మామూలే. మంచినీటి కోసం చేసిన ల్యూర్‌ను సముద్రంలో వాడితే ముందు మార్చవలసినవి గాలాలు, ఉంగరాలు. మూడు కొక్కేల గాలం బాగా తగులుకుంటుందన్న పేరు నిజమే. కానీ పెద్ద చేప దాన్ని వంచుతుంది, వదిలేయాలనుకున్న చేపకు గాయాలెక్కువ, పడవలో గిలగిలలాడే చేప నోట్లోంచి మన చేతికి గుచ్చుకునే ప్రమాదమూ ఎక్కువే. లావైన ఒంటి గాలాలకు మారేవారు పెరగడానికి ఈ మూడూ కారణాలు.

వంజరం, బారకుడా, సావళ్ళు ఉన్న నీటిలో దారానికి, ల్యూర్‌కు మధ్య జానెడు ఉక్కు తీగ తప్పదు. అయితే తీగ బరువు చిన్న ప్లగ్గు ఈతను చెడగొడుతుంది. ల్యూర్ చిన్నదయ్యేకొద్దీ తీగ సన్నబడాలి. ట్యూనాకు తీగ కడితే తేటనీటిలో అది దగ్గరికి రాదు, దానికి ఫ్లోరోకార్బన్ దారం చాలు.

వేట ముగిశాక మంచినీటితో కడిగి ఆరబెట్టని ల్యూర్ ఒకటి తుప్పు పట్టినా దాని మరక పెట్టెలోని మిగతావాటికి అంటుకుంటుంది. సాగే గుణం ఎక్కువున్న కొత్తరకం ప్లాస్టిక్ ఎరలను మామూలు ప్లాస్టిక్ ఎరలతో కలిపి పెడితే రెండూ కరిగి ముద్దయిపోతాయి.

నిబంధనలు, నష్టాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. యంత్రం లేని సంప్రదాయ పడవలకు ఇది వర్తించదు. తిమింగల సొర, రంపపు మూతి చేప వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. అవి గాలానికి తగిలితే దారం కోసి వదలాల్సిందే.

తెగిపోయిన ల్యూర్ సముద్రంలోనే ఉండిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ ముక్కలను చేపలు మింగితే అవి అరగవు, కడుపులో ఉబ్బుతాయి. నీటిపక్షులు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది. సీసానికి బదులు ఉక్కు, తుత్తునాగం, టంగ్‌స్టన్ జిగ్గులు అంగళ్లలోకి వస్తున్నాయి. ఉక్కు జిగ్ అదే బరువుకు సీసం కంటే పెద్దదిగా ఉండి నెమ్మదిగా దిగుతుంది. కాబట్టి సీసం నుంచి ఉక్కుకు మారేవారు ఒక మెట్టు ఎక్కువ బరువు ఎంచుకోవాల్సి వస్తుంది.